ఆ బస్సు సంగతి పూర్తిగా రాయండి: అమెరికా రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ,

డల్లాస్ దగ్గర ఉంటున్న తెలుగువాణ్ణి నేను, ఈ దేశ పౌరుణ్ణి. ఇదే ఉత్తరం ఇంగ్లీషులో మీ ఆఫీసుకు కూడా పంపుతున్నాను. తెలుగులో ఎందుకంటే, బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ పేరు టీ షర్టుల మీద చూసి ఆయన సంగతేమిటో తెలియనివాళ్ళు మావాళ్ళలో చాలామందే ఉన్నారు, వాళ్ళు కూడా చదవాలి.

2025 మార్చిలో మీ శాఖ వెబ్‌సైట్ నుంచి రాబిన్సన్ సైనిక జీవితం గురించిన పేజీ తీసేశారు. లింకులో కూడా 'డీఈఐ' (వైవిధ్యం, సమానత, అందరికీ చోటు అన్న విధానాలకు ఇంగ్లీషు పొట్టిపేరు) అన్న అక్షరాలు వచ్చి చేరాయి. జనం గట్టిగా అడిగేసరికి మళ్ళీ పెట్టారు, మంచిదే. కానీ తీసిన పేజీ తిరిగి పెట్టినంత మాత్రాన సరిపోదని నా అభిప్రాయం. ఆయన సైన్యంలో ఉన్న రోజుల్లో అసలు ఏం జరిగిందో, బస్సులో సీటు దగ్గర మొదలైన 1944 నాటి కోర్టు మార్షల్‌తో (సైనిక కోర్టు విచారణతో) సహా, ఆ పేజీలో అందరికన్నా ముందు మీరే వివరంగా చెప్పాలి. అది అడగడానికే ఈ ఉత్తరం.

బేస్‌బాల్ అలవాటు లేని మావాళ్ళకు ఒక్క మాట. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు టొలీడో జట్టుకు ఆడాడు, ఆ తర్వాత నల్లవాళ్ళకు మేజర్ లీగుల (అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్ పోటీల) తలుపులు మూసేశారు. అరవై ఏళ్ళు దాటాక, 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున రాబిన్సన్ బరిలోకి దిగాడు. ఆయన 42 నంబరును 1997లో మొత్తం మేజర్ లీగులన్నిటిలో ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. ఇదంతా అందరూ చెప్పుకునేదే. 1947కి మూడేళ్ళ ముందు సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

1941లో ఆయన హోనోలులులో ఫుట్‌బాల్ ఆడి ఓడెక్కాడు. అక్కడి నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడేనాటికి సముద్రం మీదే ఉన్నాడు. మరుసటి ఏడాది సైన్యంలోకి పిలుపు వచ్చింది. కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీలో ఆఫీసర్ శిక్షణకు అర్హత ఉన్నా నల్లవాళ్ళ దరఖాస్తులు కదల్లేదు. అదే క్యాంపులో ఉన్న బాక్సింగ్ చాంపియన్ జో లూయిస్ వాషింగ్టన్ దాకా మాట పంపాకే దారి తెరుచుకుంది. ఇక క్యాంపు బేస్‌బాల్ జట్టులో ఆడతానని వెళితే, పో, నల్లవాళ్ళ జట్టులో ఆడుకో అన్నారట. అలాంటి జట్టే అక్కడ లేదు! తర్వాత బేస్‌బాల్ చరిత్ర మార్చిన మనిషి సైన్యంలో బేస్‌బాల్ ఆడలేకపోయాడంటే, చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

అక్కడే ఇంకొకటి జరిగింది. నల్ల సైనికులకు క్యాంటీన్‌లో కూర్చోడానికి కాసిని సీట్లే ఉండేవి, మిగతావి ఖాళీగా ఉన్నా సరే వాళ్ళు నిలబడి ఎదురుచూడాల్సిందే. రాబిన్సన్ ఒక మేజర్‌కి ఫోన్ చేసి అడిగాడు. అవతల మాట్లాడేది నల్లవాడని తెలియని ఆ మేజర్, మీ ఆవిడ పక్కన ఒక నల్లవాడు కూర్చుంటే నీకెలా ఉంటుంది అన్న ధోరణిలో మాట్లాడాడు. ఇంకేముంది, రాబిన్సన్ అరుపులకు చుట్టుపక్కల వాళ్ళంతా పని ఆపేశారు. చివరికి సీట్లు పెరిగాయి.

ఇక బస్సు సంగతికి వస్తాను. డల్లాస్ నుంచి ఆస్టిన్ వెళ్ళేటప్పుడు ఐ-35 మీద టెంపుల్ అనే ఊరు దాటుతాం కదా, ఇక్కడి తెలుగువాళ్ళలో ఆ రోడ్డు ఎక్కనివాళ్ళు ఉండరు. ఆ ఊరికి పడమరన ఉన్న క్యాంప్ హుడ్ అనే సైనిక స్థావరంలోనే, 1944 జూలై 6 రాత్రి ఇది జరిగింది. రాబిన్సన్ అప్పుడు 761వ ట్యాంక్ బెటాలియన్‌లో సెకండ్ లెఫ్టినెంట్. పాత ఫుట్‌బాల్ దెబ్బతో చీలమండ బాగాలేక టెంపుల్‌లోని సైనిక ఆసుపత్రిలో ఉంటున్నాడు. క్యాంపులో ఆఫీసర్ల క్లబ్బుకు వచ్చి, తిరిగి వెళ్ళడానికి బస్సెక్కి, తోటి ఆఫీసర్ భార్య కనిపిస్తే ఆమె పక్కన, బస్సు మధ్యలో కూర్చున్నాడు. ఆమె కూడా నల్లజాతి మనిషే, కాకపోతే ఒంటి రంగు కాస్త తెలుపు. నల్లవాళ్ళు వెనకే కూర్చోవాలన్న అప్పటి పద్ధతిలో, డ్రైవర్ వెనక్కి వెళ్ళి కూర్చోమన్నాడు. ఈయన లేవలేదు. నల్లవాళ్ళ హక్కుల పోరాటంలో పేరుపొందిన రోజా పార్క్స్ బస్సులో కూర్చున్న చోటి నుంచి లేవనన్నది 1955లో, అంటే ఇది జరిగిన పదకొండేళ్ళకు.

బస్సు దిగేచోట గొడవ అయింది, మిలిటరీ పోలీసులు వచ్చారు, విచారణ పేరుతో గార్డు గదికి తీసుకెళ్ళారు. అక్కడ తనను ఆఫీసర్‌గా కాదు, నేరస్థుడిలా చూశారని రాబిన్సన్‌కి కోపం వచ్చింది, ఆ కోపాన్నే నేరంగా రాశారు. కోర్టు మార్షల్ మొదలయ్యేనాటికి బస్సు గొడవ అభియోగాల్లోనే లేదండీ! మిగిలినవి రెండు: పై ఆఫీసర్‌ని అగౌరవపరచడం, ఆయన ఆజ్ఞ పాటించకపోవడం. అన్యాయం ఎక్కడ మొదలైందో దాన్ని కాగితం మీంచి తీసేసి, దానికి ఎదురుతిరిగినవాడి గొంతు పెద్దదైందని కేసు పెట్టారు. మీ పేజీలో ఒక్క వాక్యానికే చోటుందంటే ఈ సంగతే రాయండి.

బెటాలియన్ కమాండర్ పాల్ బేట్స్ తెల్లజాతి ఆఫీసరే. ఆయన అభియోగ పత్రం మీద సంతకం పెట్టనన్నాడు. దాంతో రాబిన్సన్‌ని 758వ బెటాలియన్‌కు మార్చి, అక్కడి కమాండర్ చేత పెట్టించారు. ఆగస్టు 2న తొమ్మిది మంది ఆఫీసర్ల ముందు విచారణ జరిగింది, బేట్స్ వచ్చి రాబిన్సన్ మంచి ఆఫీసర్ అని సాక్ష్యం చెప్పాడు, రాబిన్సన్ బానిసగా బతికిన తన అమ్మమ్మ మాటలు కోర్టులో చెప్పాడు. రెండు అభియోగాల్లోనూ నిర్దోషి అని తేల్చారు. ఆ తీర్పు ఇచ్చింది మీ సైన్యమే, బేట్స్ కూడా మీ సైన్యం మనిషే. దాచుకోవాల్సింది ఏముంది ఇందులో? ఆ రోజు శిక్ష పడి ఉంటే, మరుసటి ఏడాది బ్రూక్లిన్‌లో డాడ్జర్స్ జట్టు అధిపతి బ్రాంచ్ రికీ ఆయన్ని పిలిచేవాడా అని నాకు అనుమానమే.

761వ బెటాలియన్ యూరప్ వెళ్ళి, జర్మన్ సైన్యంతో జరిగిన బల్జ్ యుద్ధంలో పోరాడింది. రాబిన్సన్ మాత్రం వెళ్ళలేదు. 1944 నవంబరులో గౌరవప్రదంగానే విడుదల చేశారు. ఆ బెటాలియన్‌కు ప్రెసిడెన్షియల్ యూనిట్ సైటేషన్ (సైనిక దళానికి అధ్యక్షుడి పేరిట ఇచ్చే గౌరవం) ఇవ్వడానికి 1978 దాకా పట్టింది, అప్పటికి రాబిన్సన్ పోయి ఐదేళ్ళు దాటింది.

కేసు నడుస్తుండగా, 1944 జూలై 16న ఆయన మీ శాఖకే, అప్పటి యుద్ధ శాఖలో ఉన్న ట్రూమన్ గిబ్సన్‌కు ఉత్తరం రాశాడు. పేరు ప్రఖ్యాతులు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఓపిక పట్టండని నల్లజాతి నాయకులకు చెప్పిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు 1958 మేలో, మేం పట్టినంత ఓపిక ఇంకెవరూ పట్టలేదని మర్యాదగానే, ముఖం మీదే చెబుతూ రాశాడు. కెనెడీకీ రాశాడు. ఆయన గురించి మీకు రాయడానికి నాకు ధైర్యం ఇచ్చింది ఆ ఉత్తరాలే.

దీంతో మాకేం సంబంధం అని మావాళ్ళే కొందరు అడుగుతారు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, దేశాల లెక్కన కోటాలు పెట్టిన పాత వలస చట్టాన్ని మార్చారు. మా పెద్దవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా ఇక్కడ దిగగలిగింది ఆ తలుపు తెరుచుకున్నాకే. ఆ తలుపు తోసినవాళ్ళలో రాబిన్సన్ ఒకడు.

అందుకని మంత్రి గారూ, నేను అడిగేవి ఇవి. ఆ పేజీలో కోర్టు మార్షల్ కథ మొదటి నుంచి చివరి దాకా ఉండాలి, బస్సు గొడవ అభియోగాల నుంచి ఎలా జారిపోయిందో ఉండాలి, పాల్ బేట్స్ పేరుండాలి. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న ఆయన సైనిక రికార్డులకు లింకు ఇవ్వాలి. ఇకమీద ఇలాంటి పేజీ ఏదైనా తీసేయాలంటే, ఎవరు తీశారో, ఎందుకు తీశారో అక్కడే రాయాలి. ఇందులో ఏది చేస్తారో, ఏది చేయరో రాతపూర్వకంగా జవాబివ్వండి. మీ జవాబు వస్తే తెలుగులోకి మార్చి ఇక్కడే అందరికీ చూపిస్తాను.

ఇట్లు,
టెక్సాస్ నుంచి ఒక తెలుగు పౌరుడు