ల్యాప్‌టాప్ సంగతి కాలేజీలే చెప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎప్‌సెట్ (ఇంజినీరింగ్), పాలిసెట్ (పాలిటెక్నిక్), దోస్త్ (డిగ్రీ) సీట్లు వచ్చాయంటే చాలు, మా జనగామ లాంటి ఊళ్లలో షాపుల ముందు 'స్టూడెంట్ ఆఫర్' బ్యానర్లు లేస్తాయి. ఆ షాపుల మెట్లెక్కే కుటుంబాల్లో చాలామంది ఇళ్లలో ఇంతకుముందు కంప్యూటర్ అన్నదే లేదు. పిల్లలు ఫోన్‌లో ఏదైనా చేసేస్తారు గానీ, తాము దాచిన ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో వెతుక్కోలేరు. తల్లిదండ్రులకు తెలిసినదల్లా తమ దగ్గర ముప్పై వేలున్నాయనో, నలభై దాకా సర్దగలమనో మాత్రమే. ఇక సేల్స్‌మన్ చెప్పిందే వేదం.

కాలేజీలు ఈ విషయంలో ఎందుకు నోరు మెదపవో నాకు అర్థం కాదు. అడ్మిషన్ రోజున యూనిఫాం నుంచి రికార్డు బుక్కు దాకా అన్నిటికీ లిస్టు ఇస్తారు. వాటన్నిటికంటే ఖరీదైన వస్తువు దగ్గరకొచ్చేసరికి 'ల్యాప్‌టాప్ తెచ్చుకోండి' అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఆ ఖాళీని వాట్సాప్ గ్రూపుల్లో సీనియర్లు నింపుతారు. 'ఐ7, 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డ్ మస్ట్' అని ఎవరో పెట్టిన మెసేజ్ చూసి తండ్రి అప్పుకు బయల్దేరతాడు. మొదటి సంవత్సరం పిల్లవాడు చేసేది సి, పైథాన్ ప్రోగ్రాములు, కాస్త ఎక్సెల్, కొన్ని పీపీటీలు. కొత్త తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ గానీ ఏఎండీ రైజన్ 3 గానీ, 8 జీబీ ర్యామ్ (పని నడిచే మెమొరీ), 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే చోటు) ఉంటే వీటన్నిటికీ ధారాళంగా సరిపోతుంది. ఆర్కిటెక్చర్, డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడే బ్రాంచీల వాళ్లకు తర్వాత పెద్ద మెషీన్ కావాల్సి రావచ్చు. అదైనా రెండో ఏడాదో మూడో ఏడాదో వచ్చే అవసరం.

దీనికి పూర్తిగా అటువైపు పొరపాటు మరొకటుంది. 'ఇరవై వేలకే కొత్త ల్యాప్‌టాప్' అంటూ 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, సెలెరాన్ అనే చౌకరకం ప్రాసెసర్ ఉన్న మెషీన్లు అంటగడతారు. విండోస్ 11 నడవడానికి కనీసం ఇంత ఉండాలని మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్క సరిగ్గా ఇదే. అంటే విండోస్ కూర్చున్నాక పిల్లవాడికి మిగిలేది నామమాత్రం. పైగా వీటిలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకునే దారి ఉండదు. విండోస్ బదులు గూగుల్ సిస్టమ్‌తో నడిచే, చవగ్గా దొరికే క్రోమ్‌బుక్‌దీ ఇలాంటి చిక్కే. బ్రౌజర్‌లో పని అయిపోయేవాళ్లకు అది మంచిదే గానీ, బీకాం అమ్మాయి నేర్చుకోవాల్సిన ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ అందులో ఇన్‌స్టాల్ కాదు.

మధ్య దారి సెకండ్ హ్యాండ్. పెద్ద కంపెనీలు వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలోనూ, ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతున్నాయి. కీబోర్డు గట్టిది, బాడీ గట్టిది. తక్కువ డబ్బుతో కొనేవాళ్లకు నా ఓటు వీటికే. కానీ మోసమంతా 'ఐ5' అన్న స్టిక్కర్‌లోనే ఉంది. ఐ5 పక్కన 6300 అని ఉంటే అది ఆరో తరం, అంటే 2015 నాటి సరుకు. 8250 ఉంటే ఎనిమిదో తరం, 1135 ఉంటే పదకొండో తరం. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునేది, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే అప్‌డేట్లు రావడం, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత పాత మెషీన్లలో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి అమ్ముతున్నవాళ్లున్నారు. తెర మీద అంతా కొత్తగానే కనిపిస్తుంది కాబట్టి కొనేవాళ్లకు అనుమానం రాదు. ఈ నాలుగంకెలు చదవడం పదో తరగతి పిల్లలకు ఒక్క పీరియడ్‌లో నేర్పొచ్చు. ఇంట్లో ఆల్రెడీ పాతది ఉంటే దాన్ని పారేయక్కర్లేదు, విండోస్ బదులు ఉబుంటు, ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రెఆఫీస్ వేసుకుంటే రెండూ ఉచితమే, చదువు సాగుతుంది. కొత్తదైనా పాతదైనా జీఎస్టీ బిల్లు, రాతపూర్వక వారంటీ లేకుండా మాత్రం డబ్బు ఇవ్వొద్దు. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయాల్సివస్తే చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

పన్ను గురించీ ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటు పుస్తకాలకు, పెన్సిళ్లకు, రబ్బర్లకు జీఎస్టీ తీసేశారు, సంతోషం. ల్యాప్‌టాప్ మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. 35 వేల బిల్లులో సుమారు 5,300 పన్నే. మెమొరీ చిప్‌ల ధరలు పెరుగుతున్న ఈ రోజుల్లో, కనీసం విద్యార్థులు కొనే చిన్న మోడళ్లకైనా ఈ భారం తగ్గించే ఆలోచన చేయాలి.

అయితే ఢిల్లీ దాకా వెళ్లకుండానే అయ్యే పని ఒకటుంది. ఏ బ్రాంచికి ఏ మాత్రం మెషీన్ చాలో, ఏది కొనకూడదో ప్రతి కాలేజీ ఒక పేజీ తెలుగులో రాసి అడ్మిషన్ కాగితాలతోపాటు ఇవ్వాలి. బ్రాండ్ల పేర్లు వద్దు, కమీషన్ల గొడవ మొదలవుతుంది. దాంతోపాటు కంప్యూటర్ ల్యాబ్‌లను క్లాసులయ్యాక రెండు గంటలు తెరిచి ఉంచాలి. చాలాచోట్ల సాయంత్రం నాలుగు దాటితే ల్యాబ్‌కు తాళం పడుతుంది, లోపలి సిస్టమ్‌లకు కవర్లు కప్పేస్తారు. ఎవరి కోసం కాపాడుతున్నారో తెలియదు. ల్యాబ్ అందుబాటులో ఉంటే మొదటి సెమిస్టర్‌లో కొనాల్సిన అవసరమే ఉండదు. ఆ నాలుగైదు నెలల్లో పిల్లవాడికి టైపింగ్ వస్తుంది, ఫోల్డర్లు అర్థమవుతాయి, తనకేం కావాలో తానే చెప్పగలుగుతాడు. అప్పుడు షాపుకు వెళ్తే సేల్స్‌మన్‌ను నాలుగు ప్రశ్నలు అడిగే ధైర్యం ఉంటుంది.

వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌తోపాటే ఈ రెండు ఆదేశాలూ ఇవ్వాలని ఉన్నత విద్యామండలినీ, సాంకేతిక విద్యాశాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ల్యాబ్ అసిస్టెంట్, జనగామ