పదిమందే ఉన్న పదో తరగతి

అయ్యా,

పదో తరగతి ఫలితాలు రాగానే పత్రికల నిండా ఉత్తీర్ణత శాతాలే. పదిమందే ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒక్కరు తప్పితే అది 90కి పడిపోతుంది. రెండు వందల మంది రాసినచోట అదే ఒక్కరు అర శాతం! ఆ లెక్కతో చిన్న బడిని వెనకబడిందనడం అన్యాయం.

ఆరో తరగతి నుంచి ఐదేళ్లు ఒకే గదిలో పెరిగిన పిల్లలు వాళ్లు. కబడ్డీకి రెండు జట్లు కట్టాలన్నా తొమ్మిదోవాళ్లను పిలుచుకోవాల్సిందే. మిరపకోతలకు వెళ్లి ఎవరు బడి మానేస్తున్నారో మాస్టారి కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. తప్పినవాడిని సప్లిమెంటరీకి కూర్చోబెట్టి చదివించేదీ చాలాసార్లు ఆ స్నేహితులే.

శాతం పక్కన పరీక్ష రాసినవారి సంఖ్య కూడా ప్రచురించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా