మన పాత ఆటల సంఘం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనులు, చేయలేక మిగిలిపోయిన పనులు, మన ఆటల భవిష్యత్తును తేల్చే బయటి పరిణామాలు ఈ నివేదికలో ఉన్నాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు కాబట్టి డబ్బు సంగతి చివర్లో క్లుప్తంగా చెబుతాను. ఎక్కువ చోటు జనరల్స్ అనే కంప్యూటర్ యుద్ధ ఆటకే ఇచ్చాను. ఈ సంవత్సరం అందుకు తగినదే.

జనరల్స్ సోర్స్ కోడ్

ఫిబ్రవరి 27న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ కమాండ్ అండ్ కాంకర్ వరుసలోని పలు ఆటల సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠాన్ని, ఎవరైనా చదివి, మార్చి, పంచుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ విడుదల చేసింది. వాటిలో జనరల్స్, దాని విస్తరణ జీరో అవర్ ఉన్నాయి. రెండూ 2003లో వచ్చినవి. తెలుగు రాష్ట్రాల నెట్ సెంటర్లలో, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో కంప్యూటర్లను కలిపే లాన్ తీగలు లాగి రాత్రంతా ఈ ఆట ఆడిన తరం మనది. మన సభ్యుల్లో ఎక్కువ మంది సంఘంలోకి వచ్చింది ఈ ఆట పట్టుకునే. ఆ కోడ్‌ను తెరిచి చదువుకునే హక్కు మనకు దొరుకుతుందని రెండేళ్ల కిందట ఎవరైనా అని ఉంటే నేను నమ్మేవాడిని కాదు.

అయితే కోడ్ చేతికి వచ్చినంత మాత్రాన ఆట తయారైపోదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తనది కాని భాగాలను తీసేసి ఇచ్చింది. శబ్దాలు వినిపించే మైల్స్ సౌండ్ సిస్టమ్, వీడియోలు చూపించే బింక్, ఇంటర్నెట్‌లో ఆటగాళ్లను కలిపే గేమ్‌స్పై, నకళ్లను అడ్డుకునే సేఫ్‌డిస్క్ వంటివి ఆ కోడ్‌లో లేవు. అవి బయటి కంపెనీల సొత్తు. పైగా అసలు కోడ్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 6 కాలం నాటిది. కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే నేటి కంపైలర్‌కు ఇస్తే వందల తప్పులు చూపిస్తుంది. ప్రపంచం నలుమూలల అభిమానులు ఆ ఖాళీలను ఒక్కొక్కటిగా పూడ్చి, కొత్త కంపైలర్లకు అనువుగా మార్చి, ఎవరైనా వాడుకునేలా పంచారు. మన హైదరాబాద్ బృందం ఆ కూర్పునే తీసుకుని వేసవిలో మొదటిసారి సొంతంగా ఆటను నిర్మించింది. కొత్త సభ్యులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. లైసెన్సు కోడ్‌కే వర్తిస్తుంది. బొమ్మలు, శబ్దాలు, సంగీతం ఇంకా కంపెనీవే. ఆట అసలు ప్రతి కొనుక్కున్నవారే ఈ కోడ్‌తో ఆడుకోవాలి. సంఘం ఆట ఫైళ్లను ఎవరికీ పంచదు.

సీడీలు ఉన్నవారికి ఓ మాట. 2003లో డబ్బు పెట్టి కొన్న అసలైన సీడీ విండోస్ 10లో, 11లో ఎందుకు నడవడం లేదని ఈ ఏడాది కూడా చాలామంది అడిగారు. సేఫ్‌డిస్క్ రక్షణకు అవసరమైన డ్రైవర్‌లో భద్రతా లోపం ఉందని మైక్రోసాఫ్ట్ 2015లో దాన్ని పక్కన పెట్టింది. ఆ నిర్ణయంలో తప్పు పట్టడానికి లేదు. కానీ ఫలితం ఏమిటో చూడండి: రక్షణ తొలగించిన దొంగ ప్రతులు నడుస్తున్నాయి, నిజాయతీగా కొన్నవారి డిస్కు మూలన పడింది. 2024 మార్చిలో ఈ ఆటలు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు దారి ఉంది. మొదలవగానే తీవ్రమైన లోపం అంటూ ఆట మూతపడితే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఆట పేరుతో ఉన్న చోట ఆప్షన్స్ డాట్ ఐఎన్ఐ అనే ఫైలు ఉందో లేదో ముందు చూడండి. పది ఫిర్యాదుల్లో తొమ్మిది అక్కడే తీరిపోతున్నాయి.

తెలుగు అక్షరాల పని

మన సంఘం సొంతంగా చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే. జనరల్స్‌లోని మాటలన్నీ సీఎస్ఎఫ్ రకం ఫైలులో ఉంటాయి. దాన్ని మామూలు ఎడిటర్‌లో తెరిస్తే ఏమీ అర్థం కాదు. ఎందుకంటే ప్రతి అక్షరం బిట్లనూ తిరగేసి, అంటే సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా మార్చి దాచారు. తిరిగి తిరగేస్తే అన్ని భాషల అక్షరాలకూ వాడే మామూలు యూనికోడ్ బయటికి వస్తుంది. కాబట్టి తెలుగు మాటలు ఫైలులోకి ఎక్కించడం కష్టం కాలేదు. తెర మీద చూపించడమే కష్టమైంది.

ఆట ప్రతి అక్షరాన్నీ విడిగా బొమ్మగా గీసుకుని, వాటిని పక్కపక్కన పేర్చి వాక్యం చేస్తుంది. ఇంగ్లిష్‌కు అది చాలు. మనకు చాలదు. ‘శత్రువు’ అని రాస్తే త, పొల్లు, ర, కొమ్ము దేనికది వేరుగా వచ్చి నిలబడ్డాయి. క్రావడి రాలేదు. కొమ్ములు చుక్కల వలయాలకు అంటుకుని వేలాడాయి. ఇన్నేళ్లూ మన మాడర్లు, అంటే ఆటకు సొంతంగా మార్పులు (మాడ్‌లు) చేసేవారు, దీనికి ఒకే ఉపాయం వాడారు. కావలసిన మాటలను బొమ్మలుగా గీసి మెనూలో అతికించేవారు. ఇప్పుడు కోడ్ ఉంది. అక్షరాలను గీసే భాగం ఎక్కడుందో విజయవాడ బృందంలోని విద్యార్థులు పట్టుకున్నారు. విడి అక్షరాలకు బదులు మాట మొత్తాన్ని విండోస్‌తో ఒకేసారి గీయించి, ఆ బొమ్మను ఆటకు అందించారు. ప్రధాన మెనూ, భవనాల పేర్లు, యూనిట్ల వివరణలు ఇప్పుడు సరైన తెలుగులో కనిపిస్తున్నాయి. పొడవైన వాక్యం పెట్టె చివర విరగాల్సిన చోట ఇంకా తప్పుతోంది. ఆటలోని సందేశాల్లో ఒత్తులు కింది వరుసను తాకుతున్నాయి. ఆ రెండూ సరిచేశాకే సభ్యులకు విడుదల చేస్తాం. ఈ మార్పు తమిళం, కన్నడం, హిందీలకు కూడా పనికొస్తుంది కాబట్టి కోడ్‌ను పంచిన అభిమానుల మూల ప్రాజెక్టుకే తిరిగి ఇవ్వాలని కమిటీ తీర్మానించింది.

పాత హార్డ్ డిస్కులు

హైదరాబాద్‌లో మూతపడిన ఓ నెట్ సెంటర్ యజమాని తన దగ్గరున్న హార్డ్ డిస్కులను మనకు అప్పగించారు. చాలావరకు పాడైపోయాయి. చదవగలిగిన వాటిలో షాక్‌వేవ్, కాంట్రా మాడ్‌ల పాత కూర్పులతో పాటు, మ్యాప్స్ ఫోల్డర్‌లో కుర్రాళ్లు సొంతంగా చేసుకున్న యుద్ధభూములు దొరికాయి. ఆటతో పాటే ఇచ్చిన వరల్డ్ బిల్డర్ అనే పరికరంతో చేసినవి అవి.

వాటిలో ఒకదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది విజయవాడ. ఒక పక్క కొండ, మధ్యలో విశాలంగా నది, దాని మీద అటూ ఇటూ కలుపుతూ పొడవైన వంతెన. ప్రకాశం బ్యారేజీ అని చూడగానే తెలుస్తుంది. జనరల్స్‌లో వంతెనలను కూల్చవచ్చు, బుల్డోజర్‌తో తిరిగి కట్టవచ్చు. ఆ మ్యాప్ చేసినవారు డబ్బు దొరికే సరుకు కుప్పలన్నీ గుంటూరు వైపు ఒడ్డున పెట్టారు. అందుచేత వంతెన ఎవరి చేతిలో ఉంటే ఆట వారిది. రెండో ఆటగాడు వంతెన కూల్చి గాలిలో సరుకు తెచ్చుకునే చినూక్ హెలికాప్టర్లతో నెగ్గుకు రావచ్చు. ఎంత ఆలోచించి చేశారో ఆడితేనే తెలుస్తుంది. ఫోల్డర్‌లో పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. చేసినవారు ఈ నివేదిక చదివితే దయచేసి సంఘాన్ని సంప్రదించండి. మీ అనుమతి లేకుండా దాన్ని బయట పెట్టం. మీ పేరుతోనే పెడతాం.

మాడ్‌లకు వచ్చే అసలు ప్రమాదం ఇక్కడే కనిపిస్తోంది. ఆట మద్దతు ఆగిపోతే కంపెనీ ప్రకటన ఇస్తుంది, పత్రికలు రాస్తాయి. మాడ్ పోయినప్పుడు ఎవరికీ తెలియదు. ఒక సైటు మూతపడుతుంది, ఒకరి డిస్కు కాలిపోతుంది, అంతటితో సరి. అందుకే ఇకపై సంఘం భద్రపరిచే ప్రతి మాడ్‌తో పాటు చేసినవారి పేరు, ఏ కూర్పు ఆట మీద నడుస్తుంది, ఎలా ఎక్కించాలి అనే మూడు సంగతులు తెలుగులో రాసి పెడుతున్నాం. ప్రతులు మూడు వేర్వేరు ఊళ్లలో ఉంటాయి.

సర్వర్ ఆగితే ఆట కూడా పోవాలా

2014లో గేమ్‌స్పై సర్వర్లు ఆగినప్పుడు జనరల్స్‌లో ఇంటర్నెట్ ఆట దెబ్బతింది. కానీ చనిపోలేదు. పోరు ఆటగాళ్ల కంప్యూటర్ల మధ్యే నడుస్తుంది, సర్వర్ పని వారిని ఒకచోట చేర్చడమే. అభిమానులు సీ అండ్ సీ ఆన్‌లైన్ పేరుతో ఆ చేర్చే పనిని తామే తీసుకున్నారు. లాన్‌లో ఆడేవారికి గేమ్‌స్పై పోయిన సంగతే తెలియదు.

యూబీసాఫ్ట్ కంపెనీ వారి ది క్రూ అలా కాదు. 2014 డిసెంబరులో వచ్చిన ఈ కారు పందేల ఆటలో ఒంటరిగా ఆడుకునే భాగాలకు కూడా కంపెనీ సర్వర్ కావాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేయగానే ఆట మొత్తం పోయింది. ఆ తర్వాత, ఆట కొన్నవారి ఖాతాల్లోంచి లైసెన్సులను కూడా తీసేశారు. రాస్ స్కాట్ మొదలుపెట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది ఈ అన్యాయం మీదే. సర్వర్లను ఎప్పటికీ నడపమని వారు అడగడం లేదు. ఆపేసే రోజున ఆటను నడిచే స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు.

ఇదే కోరుతూ ఐరోపా సమాఖ్యకు పెట్టిన యూరప్ పౌరుల వినతికి ఈ జులై 3న 10 లక్షల సంతకాలు దాటాయి. నెలాఖరుకు గడువు ముగిసేసరికి 14 లక్షలకు పైగా చేరాయి. యూరప్‌లో ఉన్న మన తెలుగువారు చాలామంది సంతకం చేయవచ్చా అని రాశారు. ఐరోపా సమాఖ్య దేశాల పౌరసత్వం తీసుకున్నవారే చేయాలని, ఉద్యోగ వీసా మీద ఉన్నవారు చేయకూడదని బదులిచ్చాం. చెల్లని సంతకాలు వినతికే చేటు. బ్రిటన్‌లో వేరే వినతికి లక్ష సంతకాలు దాటడంతో నవంబరు 3న అక్కడి పార్లమెంటు సభ్యులు చర్చించారు. వినియోగదారుల చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పింది. ఆ జవాబు నాకు నిరాశ కలిగించింది.

పరిశ్రమ వాదనను కూడా మనం వినాలి. ప్రైవేటు సర్వర్లలో ఆటగాళ్ల సమాచారానికి రక్షణ ఉండదని, చట్టవిరుద్ధమైన విషయాలు తొలగించే నాథుడు ఉండడని, ఇవన్నీ చేయాలంటే ఖర్చు పెరుగుతుందని ఆటల కంపెనీల తరఫున మాట్లాడే వీడియో గేమ్స్ యూరప్ సంస్థ అంటోంది. ఇప్పటికే కట్టేసిన ఆటల విషయంలో ఇందులో కొంత నిజం ఉంది. రేపు మొదలుపెట్టే ఆటకు ఆ మాట చెల్లదు. ముగింపు ఎలా ఉండాలో కట్టే ముందే అనుకుంటే ఖర్చు పెద్దది కాదు. ది క్రూ 2 ఆటకు సర్వర్ లేకుండా ఆడే వీలును యూబీసాఫ్ట్ ఈ అక్టోబరులో ఇచ్చింది కదా. అంతకు ముందు సెప్టెంబరులోనే మొదటి ది క్రూను అభిమానులు సొంత సర్వర్‌తో మళ్లీ నడిపించారు. సాధ్యం కాదన్న పనిని జీతం లేనివారు చేసి చూపించారు. మరోవైపు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సర్వర్ లేనిదే నడవని తన ఆంథెమ్ ఆటను 2026 జనవరి 12న పూర్తిగా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. జనరల్స్ కోడ్ ఇచ్చిన కంపెనీయే ఇది. ఒక చేత్తో చేసిన మంచిని మెచ్చుకుంటూనే రెండో చేతిని ప్రశ్నించాలని కమిటీ అభిప్రాయం.

మన దేశంలో చట్టం

న్యాయవాదులైన సభ్యుల సాయంతో తెలుగులో ఒక చిన్న పత్రం తయారు చేశాం. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ప్రోగ్రాంను న్యాయంగా పొందినవారు రక్షణ కోసం ప్రతి తీసుకోవచ్చు, వేరే ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం మరోలా దొరకనప్పుడు దాన్ని వెలికితీయవచ్చు. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ మాత్రం సాంకేతిక రక్షణలను ఛేదించడం గురించి హెచ్చరిస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో నిర్వచనం ఉంది. సరైన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసే అధికారం కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఇలాంటి ఫిర్యాదు జిల్లా కమిషన్‌కు కాకుండా రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. కొన్న ఆట మాయమైన సభ్యులు రసీదులు, లైసెన్సు షరతుల ప్రతి దాచుకోండి.

ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చూసి కొందరు తల్లిదండ్రులు కంగారుపడ్డారు. ఆ నిషేధం డబ్బు పణంగా పెట్టే ఆటల మీద. మన ఆటల్లో పందెం లేదు. అయినా అనుమానానికి తావు ఉండకూడదని, ఇంటర్నెట్ పోటీలకు ప్రవేశ రుసుము, నగదు బహుమతి రెండూ తీసేశాం.

డబ్బు, పదవులు

సభ్యత్వ రుసుము పెంచడం లేదు. ఖర్చులో సింహభాగం హార్డ్ డిస్కులదే. పాత డిస్కుల నుంచి సమాచారం వెలికితీసిన దుకాణదారు కూలి తీసుకోలేదు, వారికి కృతజ్ఞతలు. సహాయ కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది. విశాఖ, వరంగల్ వైపు నుంచి ఎవరైనా ముందుకొస్తే పని తేలికవుతుంది.

సర్వసభ్య సమావేశం ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. మొదటిది, తెలుగు అక్షరాల కోడ్‌ను జీపీఎల్ కింద మూల ప్రాజెక్టుకు ఇవ్వడం. రెండోది, ఆట అమ్మేటప్పుడే మద్దతు ఎన్నాళ్లు, ఆగాక ఏం మిగులుతుంది అన్నది డబ్బా మీద, దుకాణం పేజీ మీద రాయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు వినతి పంపడం. దాని ముసాయిదా ఈ నివేదికకు జత చేశాం. మూడోది, పేరు తెలియని మాడర్ల పనిని ఎన్నేళ్లు దాచాలి, ఎప్పుడు బయట పెట్టవచ్చు అన్న నియమం. దీని మీద కమిటీలోనే రెండు అభిప్రాయాలున్నాయి. చేసినవారు దొరికేదాకా మూసి ఉంచాలని కొందరు, పదేళ్లు చూసి తెరవాలని కొందరు అంటున్నారు. నేను మొదటి పక్షం. మీ అభిప్రాయం రాతపూర్వకంగా ముందే పంపితే సమావేశంలో చదివి వినిపిస్తాం.

ఇట్లు,
కార్యదర్శి