చిన్న గూడ్సు లైన్ల మరమ్మతు గ్రాంట్లు ఆగకూడదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో రైళ్లు లేవు, ఎటు వెళ్లాలన్నా కారే దిక్కు అని మనవాళ్లు అంటూ ఉంటారు. మనుషుల వరకూ అది చాలా చోట్ల నిజమే, సరుకుల సంగతి మాత్రం వేరు. నేను కాన్సాస్ రాష్ట్రంలో పడమటి వైపు ఒక చిన్న ఊళ్లో, రైతుల సహకార సంఘం నడిపే ఎలివేటర్‌లో పనిచేస్తున్నాను. ఎలివేటర్ అంటే లిఫ్టు కాదు, గోధుమలు నిలవచేసే పెద్ద కాంక్రీటు గాదెల్ని ఇక్కడ అలా అంటారు, మైళ్ల దూరం నుంచే కనబడతాయి. మా గాదెల పక్కనే ఒక రైలు లైను ఉంది, దాని మీద వారానికి రెండు మూడు సార్లు గూడ్సు వస్తుంది. అలాంటి లైన్లకి ప్రభుత్వం ఇచ్చే మరమ్మతు గ్రాంట్ల గురించే ఈ ఉత్తరం. వాటికి డబ్బు కేటాయించిన చట్టం గడువు 2026 సెప్టెంబరు 30తో ముగుస్తుంది, అమెరికాలో ఓటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు, అందుకే రాస్తున్నాను.

వీటిని ఇక్కడ షార్ట్ లైన్ రైల్‌రోడ్లు అంటారు. దేశం మొత్తం మీద సుమారు 600 ఉన్నాయి, అన్నీ కలిపితే దాదాపు 50,000 మైళ్లు. విడివిడిగా చూస్తే చాలా వరకూ చిన్నవే, కొన్నిటికి రెండు పాత ఇంజన్లు, ఒక రేకుల షెడ్డు, పదిమంది మనుషులు, అంతే. మా లాంటి గాదెల దగ్గర, క్వారీల దగ్గర, కాగితం మిల్లుల దగ్గర వ్యాగన్లు తీసుకుని పెద్ద రైల్వే వాళ్ల జంక్షన్ దాకా తెచ్చి అప్పగించడం వీళ్ల పని. అక్కణ్ణుంచి మా గోధుమలు పిండిమిల్లులకో, టెక్సస్ తీరంలో రేవులకో పోతాయి. గోదావరి కాలువ ఎంత పెద్దదైనా చేలోకి నీళ్లు తెచ్చేది పంటబోదే కదా, ఇవి అలాంటి బోదెలు. బోదె పూడిపోతే పెద్ద కాలువ నిండుగా పారుతున్నా మన చేను ఎండాల్సిందే.

పోయిన ఏప్రిల్‌లో ట్రాక్ తనిఖీ చేసే ఆయన వెంట ఒక మైలు నడిచాను. పట్టా నడుం మీద అది తయారైన ఏడాది అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. తుప్పు చేత్తో తుడిచి చూస్తే 1910 అని ఉంది. మా తాత పుట్టక ముందు పట్టా! 33 అడుగుల ముక్కలు అవి, రెండు ముక్కలు కలిసే ప్రతిచోటా ఫిష్‌ప్లేట్లు అనే ఇనుప పలకలు, బోల్టులు. చక్రం ఆ అతుకు మీద పడ్డప్పుడల్లా ఒక దెబ్బ, ఆ దెబ్బలకి పట్టా కింద ఉండే చెక్క దుంగ, అంటే స్లీపరు, నలిగి, కంకరలోకి మట్టి చేరి, వాన పడ్డాక రైలు పోతుంటే ఆ అతుకుల దగ్గర బురద పైకి చిమ్ముతుంది. ఆయన వంగి ఒక మేకుని రెండు వేళ్లతో పట్టుకుని లాగారు, ముల్లు తీసినంత తేలిగ్గా వచ్చేసింది. మేకు ఉన్న చోట చెక్కని గోటితో గీరితే పొడి రాలింది. మైలుకి మూడు వేల స్లీపర్లు ఉంటాయి, ఈ ముక్కలో మూడింట ఒకటి ఇలాగే ఉంది అన్నారు. అందుకే ఆ మైలులో రైలు గంటకి పది మైళ్లు దాటకూడదు.

నెమ్మదిగా వెళ్తే వెళ్లింది, గోధుమలు పాడైపోవు. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది బరువు. 1990ల నుంచి పెద్ద రైల్వేలు ఒక్కో వ్యాగన్ సరుకుతో కలిపి 2,86,000 పౌండ్లు, అంటే సుమారు 130 టన్నులు తూగే పద్ధతికి మారాయి. మా లైను మీదున్న చెక్క వంతెనలూ ఆ సన్న పట్టాలూ 2,63,000 పౌండ్లు దాటితే ఓర్చుకోలేవు, అది 119 టన్నులు. అంటే ప్రతి వ్యాగన్‌లో పది టన్నుల చోటు ఖాళీగా వదిలేసి పంపుతాం. వంద వ్యాగన్లు వెళ్తే వెయ్యి టన్నుల చోటు. మేం కిరాయి కట్టేదేమో వ్యాగన్ లెక్కన. ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? రైతుకిచ్చే రేటులోంచే కోస్తాం. కాగితం మీద ఆ రేటు రాసేది నేనే. కాటా దగ్గర లారీ ఆపి, టోపీ తీసి తల గోక్కుంటూ, అవతలి ఊళ్లో బుషెల్‌కి (ఇక్కడి ధాన్యం కొలత) పది సెంట్లు ఎక్కువిస్తున్నారటగా అని డెబ్బై ఏళ్ల మనిషి అడిగితే, మీ గోధుమల్లో లోపం లేదండీ, మా వంతెనలో ఉంది అని చెప్పడం నాకేమీ బాగుండదు.

రెండేళ్ల కిందట సరిగ్గా కోతల మధ్యలో మా ఊరికి నాలుగు మైళ్ల అవతల ఒక వ్యాగన్ పట్టాలు తప్పింది. నెమ్మదిగా పక్కకి ఒరిగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. లైను మాత్రం పదకొండు రోజులు మూసేశారు. గాదెలు నిండిపోయాయి, లారీలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి, ఒక్క వ్యాగన్ సరుకు మోయాలంటే మూడు నాలుగు లారీలు కావాలి, ఆ సీజన్‌లో లారీ దొరకదు. చివరికి ధాన్యం బయట నేల మీదే గుట్ట పోశాం. ఆ పదకొండు రాత్రులూ ఉరుము వినబడితే చాలు, టెన్షన్‌తో లేచి కూర్చునేదాన్ని. ధాన్యం కళ్లంలో ఉండగా మబ్బు పడితే ఎలా ఉంటుందో ఇది చదివే రైతులకి నేను చెప్పక్కర్లేదు.

ఈ లైన్లు ఇలా ఎందుకు అయ్యాయంటే, వీటిలో చాలా వరకూ ఒకప్పుడు పెద్ద కంపెనీలవే. 1970లలో ఆ పెద్దవాళ్లే వరసగా దివాలా తీశారు, 1970లో పెన్ సెంట్రల్, 1977లో మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీలు. 1980 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, రైల్వేల మీద ప్రభుత్వ ఆంక్షలు సడలించే స్టాగర్స్ చట్టం మీద సంతకం పెట్టాక, లాభం లేని లైన్లని అమ్ముకోవడం, వదిలేసుకోవడం తేలికైంది. అమ్మకముందు ఏళ్ల తరబడి చాలా లైన్ల మీద పైసా పెట్టలేదు. ఒట్టిపోయిన గేదెకి మేత మానేసి, ఎముకలు తేలాక సంతకి తోలినట్టు తోలారు. కొన్నవాళ్లు చిన్నవాళ్లు. రోజువారీ నడక వరకూ వాళ్లు లాగగలరు, వందేళ్ల వంతెన మార్చడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు.

2004లో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఈ చిన్న లైన్లకి ఒక పన్ను రాయితీ పెట్టింది, 2020 డిసెంబరులో దాన్ని శాశ్వతం చేసింది. పట్టాల మీద పెట్టిన ప్రతి డాలరుకీ ఇప్పుడు 40 సెంట్లు పన్నులో తగ్గుతుంది, మైలుకి 3,500 డాలర్లు మించకుండా. మంచిదే. 50 మైళ్ల లైనుకి ఎంత చేసినా 1,75,000 డాలర్లు దాటదు, ఏటా కొన్ని స్లీపర్లు మార్చడానికి సరిపోతుంది. వంతెనకీ కొత్త పట్టాలకీ కావలసింది క్రిసి అనే ఫెడరల్ గ్రాంటు. 2015 చట్టంతో మొదలైంది, 2021లో వచ్చిన మౌలిక వసతుల చట్టం దీనికి అయిదేళ్లకి 500 కోట్ల డాలర్లు ముందుగానే కేటాయించింది. 2023 సెప్టెంబరులో 35 రాష్ట్రాల్లో 70 పనులకి 140 కోట్లు, 2024 అక్టోబరులో 122 పనులకి 240 కోట్ల డాలర్లు ప్రకటించారు. అందులో ప్యాసింజర్ రైళ్ల పనులు కూడా ఉన్నాయి, అంతా చిన్న లైన్లకే కాదు. కనీసం 20 శాతం దరఖాస్తు పెట్టినవాళ్లే తెచ్చుకోవాలి కాబట్టి ఊరికే పంచిపెట్టే డబ్బూ కాదు.

ప్రైవేటు కంపెనీకి ప్రజల సొమ్ము ఎందుకివ్వాలని అడుగుతారు. డల్లాస్‌లో ఉండే మా బంధువులే నన్ను అడిగారు, అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఇది. మా గోధుమలు లారీ ఎక్కితే ఆ లారీ నడిచే రోడ్డు ఎవరు వేశారు? ప్రభుత్వమే. డీజిల్ మీద ఫెడరల్ పన్ను గ్యాలనుకి 24.4 సెంట్లు, 1993 నుంచి ఒక్క సెంటు కూడా పెంచలేదు. అది చాలక 2008 నుంచి హైవేల నిధికి ప్రభుత్వ సాధారణ ఖజానా నుంచి డబ్బు మళ్లిస్తూనే ఉన్నారు. రైల్వే మాత్రం తన పట్టా తనే వేసుకుని, తనే బాగుచేసుకుని, ఆ నేలకి ఆస్తిపన్ను కూడా తనే కట్టుకోవాలి. రోడ్డుకి లేని అభ్యంతరం పట్టాకి ఎందుకు? పైగా లైను మూతబడితే ఆ లారీలన్నీ పడేది మా కౌంటీ రోడ్ల మీదే, ఆ రోడ్లు బాగుచేసే ఖర్చు మళ్లీ మా రైతుల ఆస్తిపన్నే.

అలాగని అడిగిన ప్రతివాళ్లకీ ఇవ్వమని అనను. వందకు పైగా చిన్న లైన్లు ఒకే పెద్ద కంపెనీ గొడుగు కింద ఉన్న సందర్భం కూడా ఉంది. వాళ్లకి బ్యాంకు అప్పిస్తుంది, కన్సల్టెంట్లు ఉంటారు, దరఖాస్తు చక్కగా తయారవుతుంది. పదిమంది పనిచేసే లైనులో మాత్రం లెక్కలు రాసే ఆవిడే ఖర్చు-ప్రయోజనాల అంచనా వేయించాలి, పర్యావరణ కాగితాలు చూసుకోవాలి, జీతాలూ ఇవ్వాలి. గ్రాంటు తీసుకున్నాక ఇన్నేళ్ల పాటు లైను మూయకూడదని గట్టి షరతు పెట్టాలి, చిన్నవాళ్లకి దరఖాస్తు రెండు మూడు పేజీల్లో అయిపోవాలి. ఉన్న చోటే పాత స్లీపరు తీసి కొత్తది పెట్టడానికి అన్ని కాగితాలు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అంతకన్నా పెద్ద బాధ ఆలస్యం. గ్రాంటు వచ్చిందని పేపర్లో పడుతుంది, ఫొటోలు దిగుతారు, ఆ తర్వాత ఒప్పందం మీద సంతకం కావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు. రోడ్లు, రైళ్లు, రేవులు అన్నిటివీ కలిపి ఇలా సంతకం కాకుండా 3,200కు పైగా గ్రాంట్లు పాత ప్రభుత్వం నుంచి తమకి వారసత్వంగా వచ్చాయని 2025లో రవాణా శాఖే చెప్పింది. ఈలోగా స్టీలు ధర పెరుగుతుంది. పది మైళ్లకని అడిగిన డబ్బు ఎనిమిది మైళ్లకి కూడా రాదు.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మాది రామచంద్రాపురం దగ్గర పల్లె. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలు లైను మా వైపు నుంచే పోయేది. 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు ఊడదీసుకుపోయారు. నా చిన్నప్పుడు మా తాత ముళ్లకంపలు మొలిచిన ఒక గట్టు చూపించి, ఇక్కడ రైలు పోయేదమ్మా అనేవారు, నేను నమ్మేదాన్ని కాదు. మా నాన్న పనిచేసిన రైసుమిల్లు బస్తాలన్నీ లారీల మీదే కాకినాడ రేవుకి పోయేవి. ఆ 45 కిలోమీటర్ల పట్టాలు మళ్లీ పడేసరికి 2004 వచ్చింది. అరవై నాలుగేళ్లు! తాత అప్పటికి లేరు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా లైను కోసం కోనసీమ వాళ్లు ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నారో మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది.

ఇక్కడ కూడా అంతే. ఒక లైను వదిలేయడానికి అనుమతి వచ్చాక పట్టాలు పాత ఇనుం కింద పోతాయి, చాలా చోట్ల నేల పక్క పొలాలవాళ్లకి వెళ్లిపోతుంది. 1983 చట్టం కింద కొన్నిటిని సైకిలు బాటలుగా నిలబెట్టారు, ఎప్పటికైనా రైలు తిరిగి రావచ్చనే ఉద్దేశంతో, కానీ అలా తిరిగొచ్చినవి బహు తక్కువ.

అమెరికాలో ఓటున్న తెలుగువాళ్లని ఒక్కటి అడుగుతున్నాను. మీ ప్రతినిధి ఆఫీసుకీ, మీ ఇద్దరు సెనేటర్ల ఆఫీసులకీ ఒక్కో ఫోను చేయండి. కొత్త రవాణా చట్టంలో క్రిసికి డబ్బు 2021లో లాగే ముందుగా కేటాయించమనండి, ఏటికేడాది బడ్జెట్ గొడవలకి వదిలేయొద్దనండి. పల్లెల్లోని చిన్న లైన్లకి విడిగా వాటా పెట్టమనండి, గ్రాంటు ప్రకటించిన ఆరు నెలల్లో సంతకం అయ్యేలా గడువు పెట్టమనండి. మీరు ఉండేది న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో కావచ్చు, మీ ఇంట్లో చపాతీ పిండి ఏ లైను మీద వచ్చిందో ఎవరు చూశారు.

మా లైను వాళ్లు వంతెన కోసం పెట్టిన దరఖాస్తు ఇంకా తేలలేదు. మే నెలాఖరుకి దక్షిణాన టెక్సస్‌లో కోతలు మొదలవుతాయి, జూన్ మూడో వారానికి మా దాకా వస్తాయి. ఈసారి కూడా వ్యాగన్‌కి పది టన్నులు తగ్గించే పంపడానికి రేట్ల కాగితం తయారుచేసి పెట్టాను.

పశ్చిమ కాన్సాస్ నుంచి
మీ పాఠకురాలు