ఫిన్లాండ్ సంతోషం ఒక్క మొండి ధైర్యంతో రాలేదు

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి 2025 దాకా ఏటా మొదటి స్థానం ఫిన్లాండ్‌దే. ఆ వార్త వచ్చినప్పుడల్లా ‘సిసు’ అనే వాళ్ల మొండి పట్టుదల గురించి రాస్తుంటారు. తప్పేమీ లేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ 10,000 మీటర్ల ఫైనల్లో ఫిన్లాండ్ పరుగు వీరుడు లాసె విరెన్ ట్రాక్ మీద పడిపోయాడు. లేచి, ముందున్న వాళ్లందరినీ దాటి, ప్రపంచ రికార్డుతో గెలిచాడు. ఇలాంటివి ఎన్నిసార్లు విన్నా బాగానే ఉంటాయి.

కానీ అదే దేశంలో 1980లలో ఆత్మహత్యలు విపరీతం. బాధను పళ్ల బిగువున దాచుకోవడం గొప్ప అనుకుంటే పట్టుదలే ప్రాణం మీదికి తెస్తుంది. 1986లో ప్రభుత్వం నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 1987 ఏప్రిల్ నుంచి ఏడాదిలో జరిగిన 1,397 ఆత్మహత్యలనూ ఒక్కటీ వదలకుండా పరిశీలించారు, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడారు. చాలామందికి డిప్రెషన్ ఉన్నా సరైన వైద్యం అందలేదని తేలింది. 1990 తర్వాత ఆ రేటు తగ్గుతూ వచ్చి సగానికి దిగింది. మన పత్రికల్లో ఈ సంగతి ఎందుకు కనిపించదో!

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతా అంతే. తూర్పు సరిహద్దులోని కరేలియా ప్రాంతంలో చాలా భాగం సోవియట్ పాలైతే, అక్కడి నుంచి 4 లక్షల మందికి పైగా కట్టుబట్టలతో వచ్చారు. “గుండె దిటవు చేసుకోండి” అని చెప్పి సర్కారు చేతులు దులుపుకోలేదు. 1945లో చట్టం చేసి భూములు పంచింది. భూములు వదులుకున్న ఆసాములు సణుక్కున్నారనుకోండి, అది వేరే సంగతి.

– ఒక పాఠకురాలు, గుంటూరు