కవరు మొదటి భాగానిది, రికార్డు రెండో భాగానిది: నా గోడు వినే మనిషి మీ కంపెనీలో ఉన్నారా?

కస్టమర్ కేర్ వారికి, ఆ కస్టమర్ కేర్ మీద పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లకి,

మీ యాప్‌లో "తెలుగులోనూ సేవలు" అని రాసుకున్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషులో పెట్టిన మెయిల్స్‌కి ఎలాగూ జవాబు లేదు, దీనికి రాకపోయినా కొత్తగా పోయేదేం లేదు.

ఆర్డర్ నంబర్ మళ్లీ అడగకండి, దయచేసి. ఫోన్ చేసిన ప్రతిసారీ చదివి వినిపించాను, ఇక నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తుంది. నేను కొన్నది అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ గ్రేటెస్ట్ హిట్స్, 1973లో ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీ వాళ్లు వేసిన మొదటి సంకలనం, ఎల్పీ, అంటే ప్లేయర్ మీద తిరిగే పెద్ద రికార్డు. కవరు దానిదే వచ్చింది. లోపలున్న రికార్డు మాత్రం 1977 నాటి వాల్యూమ్ 2ది. కంట్రీ రోడ్స్ పాట వినిపించాల్సిన చోట యానీస్ సాంగ్ అనే పాట మొదలైంది, తీసి చూస్తే లేబుల్ మీద కూడా వాల్యూమ్ 2 అనే ఉంది. పాత రికార్డులు, ఎక్కడో కవర్లు మారిపోయి ఉంటాయి, మనుషులన్నాక జరుగుతుంటాయి. దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీవాళ్లు నన్ను ఆడించిన ఆటకే ఈ ఉత్తరం.

మొదట మాట్లాడినమ్మాయి నా మాట సగంలోనే ఆపి, "సార్, ప్లేయర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే పాటలు మారిపోతాయా తల్లీ అని అడిగాను. లైన్లో ఉండమంది. ఉన్నాను. మీ కంపెనీ గొప్పతనం గురించిన ఆ ప్రకటన మా ఇంట్లో పిల్లలు కూడా అప్పజెప్పేంతసేపు ఉన్నాను, ఆఖరికి లైన్ కట్. మళ్లీ చేస్తే ఇంకొకాయన, మళ్లీ మొదటి నుంచి కథ. ఆయన ఫోటోలు పంపమన్నాడు. కవరు ఫోటో, లేబుల్ ఫోటో, రెండూ పక్కపక్కన పెట్టి ఇంకో ఫోటో పంపాను. వచ్చిన జవాబు ఏంటంటే, "మీ ఫోటోలో వస్తువు దెబ్బతిన్నట్టు కనిపించడం లేదు." దెబ్బతిందని నేనెప్పుడన్నాను బాబూ?

అన్నిటికంటే మండింది మాత్రం మీ సీనియర్ ఎగ్జిక్యూటివ్ గారి మాటకి. "సార్, రెండూ ఒకే సింగర్‌వి కదా, పైగా ఇందులో పాటలు ఒకటి ఎక్కువే ఉన్నాయి, అడ్జస్ట్ చేసుకోండి" అన్నాడు. నిజమే, అందులో పదకొండు, ఇందులో పన్నెండు. పాటలు కూడా కిలోల లెక్కన అమ్ముతున్నారని నాకు తెలియదు.

మీరు అమ్మేదేంటో మీకు తెలియనట్టుంది కాబట్టి చెబుతున్నాను. 1973 నాటికి డెన్వర్ సోలో ఆల్బమ్‌లు మొదలై నాలుగేళ్లే. అప్పుడే గ్రేటెస్ట్ హిట్స్ ఏంటని ఎవరైనా అనుకుంటారు, కానీ ఆయన పాత టేపులు తెచ్చి అతికించెయ్యలేదు. తన గొంతు అప్పటికి ఇంకా పదునెక్కిందనుకుని, తొలి రోజుల పాటలు కొన్ని ఈ రికార్డు కోసమే మళ్లీ పాడాడు. లీవింగ్ ఆన్ ఎ జెట్ ప్లేన్ అలాంటిదే. ఆయన 1966లో రాసుకున్న పాట, పీటర్, పాల్ అండ్ మేరీ అనే బృందం పాడితే 1969 చివర్లో నంబర్ వన్ అయింది. రాసినవాడికంటే ముందు వేరేవాళ్లకి పేరొచ్చిన ఆ పాటని ఆయన తీరిగ్గా మళ్లీ తన గొంతుతో పాడుకున్నాడు చూడండి, నాకు అది కావాలి. ఆయన 1969 నాటి తొలి సోలో ఆల్బమ్ కొనుక్కుంటే ఆ పాట దొరుకుతుంది కానీ ఆ పాడటం దొరకదు. చాలా హిట్స్ రికార్డులు వట్టి మూటలే, ఇది మాత్రం ఒక ఆల్బమ్‌లా కూర్చిన రికార్డు, 1974లో అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్ చార్టులో పైకెక్కి కూర్చుంది కూడా. వాల్యూమ్ 2 చెడ్డదని కాదు, అందులోని కాలిప్సో పాట నాకూ ఇష్టమే. కానీ నేను అడిగింది అది కాదు కదా!

సరే, ఎలాగో రిటర్న్ ఒప్పుకున్నారు. పికప్‌కి కుర్రాడొచ్చాడు. పాపం ఎండలో మూడంతస్తులు ఎక్కొచ్చాడు, మంచినీళ్లిచ్చాను. ఫోన్‌లో ఆర్డర్ ఫోటో తెరిచి కవరు పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, "సేమ్ ఉంది కదా సార్, రాంగ్ ఐటమ్ అని కొట్టారు, సేమ్ ఉంటే యాప్ తీసుకోనివ్వదు" అన్నాడు. రికార్డు బయటికి తీసి లేబుల్ మీద వేలు పెట్టి చూపించాను. చదివాడు, అర్థమైంది కూడా. "లోపలిది చూపించడానికి నాకు ఆప్షన్ లేదు సార్" అని స్క్రీన్ నాకే చూపించాడు. నిజంగానే లేదు. ఆ పిల్లాణ్ణి ఒక్క మాట అనను, మీ కంపెనీ మొత్తంలో లేబుల్ చదివింది అతనొక్కడే.

సాయంత్రానికి మెసేజ్: "కస్టమర్ వస్తువు ఇవ్వడానికి నిరాకరించారు." నేను నిరాకరించానట! వెంటనే ఇంకోటి: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. 1975లో అమెరికాలో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల స్టేజి మీద చార్లీ రిచ్ అనే గాయకుడు "ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్" విజేత పేరున్న కాగితానికి లైటర్‌తో నిప్పంటించి మరీ డెన్వర్ పేరు చదివాడు. ఆయన కాల్చినా పేరైతే చదివాడండీ. మీరు నా ఫిర్యాదు టికెట్ చదవకుండానే కాల్చేశారు.

ఇంత రాస్తున్నానంటే మీ మీద ఇంకా కాస్త అభిమానం ఉండబట్టే. మీరు ఒక్క గదిలో షాపు నడిపిన రోజుల నుంచీ మీ దగ్గరే కొంటున్నాను. అప్పట్లో ఫోన్ చేస్తే ఓనర్ గారే ఎత్తి, "ఆ రికార్డు మీద గీత ఉందండీ, మీకొద్దు" అని ఆయనే చెప్పేవారు. ఇప్పుడు యాప్ వచ్చింది, మనిషి పోయాడు. హన్మకొండలో మా రికార్డుల బ్యాచ్ అందరికీ మీ పేరు చెప్పి కొనిపించింది నేనే. వాళ్లకి ఇప్పుడు ఇదంతా కూడా చెబుతాను, దాచే ఉద్దేశం లేదు.

ఇంకో విషయం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీకో గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ సైట్‌లో ఆ ఆఫీసర్ మెయిల్ ఐడీ ఉంది, రాస్తే తిరిగొచ్చింది, మెయిల్‌బాక్స్ నిండిపోయిందట. ఎందుకు నిండిందో నేను ఊహించగలను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం నాకూ వచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చని, ఐదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదని కనుక్కునే ఉన్నాను. రికార్డు డబ్బుల కోసం కాదు, మీ నోటితో "మాదే పొరపాటు" అనిపించడానికైనా వేస్తాను.

1973 రికార్డు ఉంటే పంపండి, లేదా డబ్బులు వెనక్కివ్వండి, అది మీ ఇష్టం. కానీ ముందు ఒక మనిషి నాకు ఫోన్ చేయాలి. చేసేముందు ఈ ఉత్తరం చదివి ఉండాలి. ఒక రింగ్ ఇచ్చి పెట్టేసి "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసుకుంటే ఆ కాల్ లిస్టు కూడా కమిషన్‌కే ఇస్తాను. స్టార్ల లింకు మాత్రం పంపొద్దు.

ఇట్లు,
మీ పాత కస్టమర్ (ప్రస్తుతానికి),
హన్మకొండ