ఐదున్నర శ్రుతి

అమ్మలూ,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేంటి అనుకుంటావని తెలుసు. పొద్దున్న నువ్వు సాధనకి కూర్చునేసరికి నేను ఆఫీసుకి పరుగు. రాత్రి నాకు తీరిక దొరికేసరికి నీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అదీగాక నేను చెప్పదలచుకున్నది నీ మొహం చూస్తూ చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాసి, వయొలిన్ కమానుకి రాసే రోజిన్ డబ్బా కింద పెట్టాను. అది తీయకుండా నువ్వు కమాను పట్టవు కదా.

ముందు నీ సంగీతం కాలేజీ ఫీజు గొడవ. ఆదివారం రాత్రి వంటింట్లో నేనూ నాన్నా మాట్లాడుకున్నది నీ చెవిన పడింది. పడిందని నాకు మర్నాడు పొద్దున్నే అర్థమైంది, భైరవి రాగం వర్ణాన్ని రెండో కాలంలో, అసలే రెట్టింపు వేగం, రైలు వెళ్లిపోతోందన్నట్టు వాయించేస్తుంటే. స్కాలర్‌షిప్ వస్తే మాకు ఊరటే, కాదనను. రాకపోతే ఆ కాలేజీ లేదని మాత్రం ఎవరూ అనలేదు. నాన్న పీఎఫ్ లోను అన్నది మేడమీద స్లాబు కారుతోందని, నీ గురించి కాదు. ఆ లెక్కలు మావి. వాటిని నువ్వు ఆడిషన్ హాల్లోకి మోసుకెళ్లకు.

ఇక అసలు సంగతి.

నా 19వ ఏట నేనూ ఒక సెలక్షన్‌కి వెళ్లానని నీకు తెలుసు. "వాళ్ల మనుషుల్ని ముందే అనుకుని పెట్టుకున్నారు, మనకెందుకిస్తారు" అని ఆ కథ నీకు ఎన్నిసార్లు చెప్పానో. అమ్మమ్మకీ అదే చెప్పాను. పెళ్లిచూపుల్లో నాన్న, పాట ఎందుకు మానేశారని అడిగితే ఆయనకీ అదే చెప్పాను. అది అబద్ధం అమ్మలూ.

జరిగింది ఇది. నాది ఐదు శ్రుతి. నాకు ముందు పాడిన అమ్మాయిది ఐదున్నర, నా గొంతుకి అర మెట్టు పైన. ఆ అమ్మాయి లేచింది, నేను కూర్చున్నాను, శ్రుతిపెట్టె అలాగే మోగుతోంది. పక్కన మృదంగం ఆయన ఐదున్నరకి బిగించుకుని ఉన్నారు. నేను తగ్గించమంటే ఆయన మళ్లీ రాయి తీసుకుని చుట్టూ కొట్టుకుంటూ రావాలి. ఎదురుగా ముగ్గురు పెద్దవాళ్లు, బయట వరండాలో ఇంకా ఇరవైమంది. అర శ్రుతే కదా, లాగేద్దాం అనుకున్నాను. పల్లవి, అనుపల్లవి గట్టెక్కాయి. చరణంలో పై షడ్జం దాటి గాంధారం అందుకోవాల్సిన చోట గొంతు రెండు ముక్కలైంది. ముగ్గురిలో ఒకాయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. తల ఎత్తకుండా, చాలాసేపు. నా వైపు చూడాల్సి వస్తుందని కాబోలు.

బయటికి వస్తుంటే వాళ్లలో పెద్దావిడ పిలిచి అడిగారు, "నీ శ్రుతి ఎంతమ్మా?" అని.

"ఐదండీ."

"మరి చెప్పలేదేం?"

అంతే. వాళ్లు తగ్గించేవాళ్లే. నేను నోరు తెరవలేదు. ఆ సిగ్గుకి ఇంకో కథ అల్లుకుని ఇన్నేళ్లు దాని వెనక దాక్కున్నాను. నువ్వు పుట్టి, జోకొడితే తప్ప నిద్రపోని రోజుల్లో గానీ మళ్లీ నా నోట రాగం పలకలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నీది అచ్చం నా పోలికే. హోటల్లో సాంబారు చల్లగా ఉన్నా తినేస్తావు గానీ మార్చమని అనవు. కాలేజీవాళ్లు కుర్చీ వేసి కూర్చోమంటారు, చూస్తూ ఉండు. నువ్వు కింద కూర్చుని, వయొలిన్ తల కుడి చీలమండకి ఆనించి వాయించేదానివి. కుర్చీలో కూర్చుంటే ఎడమచేయి వయొలిన్‌ని మోయడానికే సరిపోతుంది, ఇంక గమకాలేం పలుకుతాయి? తివాచీయో చాపో అడుగు. ఒకవేళ ఇవ్వరేమోనని నీలం దుప్పటి మడతపెట్టి బ్యాగులో పెడతాను, అదే పరుచుకో. వాళ్ల శ్రుతిపెట్టె మోగుతున్నా సరే, నీ ఫోన్‌లోదే పెట్టుకుంటానని చెప్పు. ఏసీ హాలంటే తీగలు బిగించే బిరడాలు జారతాయి. వాటికి రాసే సుద్దముక్క పెట్టెలోనే ఉంది. ఎందుకైనా మంచిది, ఒక అరగంట ముందు వెళ్లి పెట్టె తెరిచి ఆ గాలికి అలవాటు పడనీ. మధ్యలో శ్రుతి కదిలితే ఆపి సరిచేసుకో. స-ప-స-ప నాలుగు తీగలూ చూసుకోవడానికి ఎంతసేపు? కదిలిపోయిన శ్రుతిలో ఆడిషన్ 12 నిమిషాలూ లాగడం కంటే వాళ్లని అరనిమిషం ఆగమనడం నయం.

వర్ణం గురించి మీ మాస్టారు చెప్పాల్సినవి చెప్పే ఉంటారు. నా చెవికి తగిలింది ఒక్కటే. భైరవిలో ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, అంటే పై 'ద'; దిగేటప్పుడు శుద్ధ ధైవతం, అంటే కింది 'ద'. మొదటి కాలంలో రెండూ విడివిడిగా, శుభ్రంగా పలుకుతున్నాయి. రెండో కాలంలో దిగేటప్పుడు నీ వేలు ఆ రెండింటి మధ్య ఎక్కడో వాలుతోంది. అంతటా కాదు, చరణంలో రెండో స్వరాల వరసలో. ఆ ఒక్క ఆవర్తనం, తాళం ఒక్క చుట్టు, తీసుకుని, మొదటి కాలం కన్నా నెమ్మదిగా, కమాను ఆపి ఆపి రోజూ పదిసార్లు వాయించు. మొత్తం వర్ణం యాభైసార్లు తిప్పితే ఆ తప్పు కూడా యాభైసార్లు తిరుగుతుంది. గంటలు లెక్కపెట్టుకునే సాధన మీద నాకు మొదట్నించీ నమ్మకం లేదు.

ప్రశ్నలు వేస్తే కంగారుపడకు. భైరవి 20వ మేళం నఠభైరవి నుంచి పుట్టిన జన్యం, ఆ మేళంలో లేని చతుశ్రుతి ధైవతం వల్లే భాషాంగ రాగమైంది. వర్ణం నడిచే అటతాళం అంటే ఐదేసి అక్షరాల లఘువులు రెండు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, వెరసి 14. నోటితో చెప్పకు, చేత్తో వేసి చూపించు. వయొలిన్ మన సంగీతంలోకి ఎలా వచ్చిందంటే ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితుల పేరు చెప్పు. ఇంతకుమించి అడిగి, నీకు తెలియకపోతే, తెలియదండీ అను. నాన్నలా ఊహించి చెప్పకు.

నాన్న అనగానే గుర్తొచ్చింది. చివర్లో ఒక సినిమా పాట వాయిస్తే వాళ్లు పడిపోతారని ఆయన రోజుకోసారి అంటున్నారు. నవ్వి ఊరుకో.

కృతి దగ్గర ఇంకో మాట. వయొలిన్‌కి మాటలు ఉండవు కాబట్టి సాహిత్యం అక్కర్లేదనుకుంటున్నావు. నిన్న నువ్వు కల్యాణి రాగం కృతి వాయిస్తుంటే నేను కూరగాయలు తరుగుతూ లోలోపల పాడుకుంటున్నాను. రెండుచోట్ల నీ కమాను మాట మధ్యలో తిరిగింది. సగం మాట ఇటు, సగం అటు. త్యాగయ్యగారు తమిళదేశంలో కూర్చుని తెలుగులో రాశారు. అక్కడివాళ్లు భాష రాకపోయినా అర్థం అడిగి తెలుసుకుని పాడతారు. చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన నువ్వు మాట ఎక్కడ విరుగుతుందో చూసుకోకపోతే ఎలా? వయొలిన్ పక్కన పెట్టి నాలుగు రోజులు నోటితో పాడు. ఊపిరి ఎక్కడ తీసుకుంటావో కమాను అక్కడే తిరగాలి. గొంతు బాగోలేదని సిగ్గుపడకు, తలుపు వేసుకో.

తాళం లేకుండా రాగాన్ని నీ సొంతంగా విస్తరించే ఆలాపన మూడు నిమిషాలన్నారు. నీకు అక్కడే కష్టం, నాకు తెలుసు. ఎనిమిదేళ్లుగా నువ్వు ఎవరో ఒకరి పక్కన కూర్చుని వాయిస్తున్నావు. త్యాగరాయ గానసభలో మొదటిసారి పక్కవాద్యం వాయించిన రోజున, పాడే అక్క పాట పంక్తిని కొత్తగా తిప్పి వదలడం ఆలస్యం, నువ్వు అందుకున్న తీరుకి ముందు వరసలో పెద్దాయన ఒకరు "భేష్" అన్నారు. అది నీ బలమే. కానీ వినడానికి అలవాటుపడ్డ చేయి, ముందు ఎవరూ లేకపోతే తడుముకుంటుంది. మొన్న కల్యాణి మొదలుపెట్టి ఆగి, ఎవరో అందిస్తారన్నట్టు తలుపు వైపు చూశావు.

మీ మాస్టారింట్లో గోడమీద ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫొటో ఉంది చూడు. వయొలిన్ అంటే పాటకి పక్కన ఉండేదే అనుకునే రోజుల్లో ఆయన ఒక్కరే కూర్చుని కచేరీలు చేశారు. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే, విన్నవాళ్లు నువ్వు నేర్చుకోవడమేంటి, నేర్పు అని అధ్యాపకుడిగా వేసుకున్నారని చెప్పుకుంటారు. అప్పుడాయనకి 26 ఏళ్లు. చూపు సరిగా ఆనేది కాదు. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. నీకూ అలాగే జరగాలని కాదులే, నిన్ను లెక్చరర్‌గా తీసుకుంటే ఫీజు గొడవే ఉండదు గానీ. ఆ ఫొటో కింద కూర్చుని ఇన్నేళ్లు నేర్చుకున్నదానివి, మూడు నిమిషాలు ఒక్కదానివే నడవలేవా అని. గాంధారం మీద కాసేపు నిలబడు, మెల్లగా ప్రతిమధ్యమం, ఆ పై 'మ', చూపించు, పై షడ్జం తాకి దిగు. నీకు తెలిసిన కల్యాణి అంతా అక్కడే కుమ్మరించాల్సిన పనిలేదు.

ఆ రోజు క్యాబ్ వద్దు, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెన్షన్‌తోనే సగం చస్తావు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారితే నేరుగా రాయదుర్గం. అక్కడి నుంచి ఆటో. నేను సెలవు పెట్టాను, వస్తాను. లోపలికి మాత్రం రాను. ఫోన్‌లో మిగతా పిల్లల వీడియోలు చూడటం ఈ పూట నుంచే మానేయ్.

శనివారం సాయంత్రం ఏడింటికి హాల్లో టీవీ ఆపేసి నేనూ నాన్నా కూర్చుంటాం. పక్కింటి మామ్మగారిని కూడా పిలిచాను. 12 నిమిషాలు మొత్తం మా ముందు వాయించు. స్వరం తప్పితే ఆగొద్దు, నాన్న మొహం చూడొద్దు. నువ్వు వాయిస్తుండగా ఒకచోట నేను శ్రుతిపెట్టెలో శ్రుతి ఒక అర పెంచేస్తాను. ఎక్కడో చెప్పను. అప్పుడు నువ్వు కమాను దించి, "అమ్మా, శ్రుతి తగ్గించు" అనాలి. మామ్మగారికి కూడా వినపడేంత గట్టిగా.

అమ్మ